కాలపరీక్ష, నరసరావుపేట కేంద్రం

గొప్ప కళ కాలపరీక్షకు నిలుస్తుందని పెద్దలు సెలవిచ్చారు. ఆ పరీక్ష ఎవరు పెడతారో, కేంద్రం ఎక్కడో, తప్పినవాళ్ళకు సెప్టెంబరులో మళ్ళీ రాసుకునే వీలుందో లేదో మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయారు. నాగరికతలోని ఈ లోటును 1987 వేసవిలో నరసరావుపేట పూడ్చింది. (లోట్లు పూడ్చడం పల్నాటికి కొత్త కాదు. ఎవరూ అడక్కుండా పూడ్చడం అసలే కొత్త కాదు.)

పరీక్షకు కూర్చున్న సినిమా పేరు ‘గొడుగులు మారాయి’. 1959లో వచ్చింది. ప్రేమా హాస్యమూ చెరిసగం. వానరోజున పోస్టాఫీసు అరుగు మీద చలపతి అనే కుర్రాడి గొడుగూ, విమల అనే అమ్మాయి గొడుగూ తారుమారవుతాయి. తిరిగి ఇచ్చేద్దామని అతను ఆమె ఇంటికి వెళ్తే, ఆమె తండ్రి గొడుగుల దొంగ అనుకుని గదిలో పెట్టి గొళ్ళెం వేస్తాడు. ఎలాగో బయటపడి, గొడుగులు బాగుచేసేవాడి వేషంలో అతను రోజూ ఆ ఇంటికే వస్తుంటాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో బాగున్న గొడుగులు కూడా చెడిపోతుంటాయి. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఇష్టం. ఇద్దరూ చెప్పుకోరు. (చెప్పుకుంటే రెండో రీలుకే సినిమా అయిపోతుంది, నిర్మాతకు గిట్టదు.) చివరికి విమల అలిగి, ఊరొదిలి పోవడానికి స్టేషనుకు వస్తుంది. రైలు గంట కొడతారు. చలపతి రెండు గొడుగులూ చేతబట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరిగెత్తుకుంటూ వస్తాడు. ఆమె ముందు ఆగుతాడు. నోరు తెరుస్తాడు.

ఇంతవరకూ కథ అందరికీ తెలుసు. ఆ తర్వాత ఏమైందో పేట పక్కనున్న రొంపిచెర్లలో ఎవరికీ తెలియదు.

దీనికి కారణం కళకు సంబంధించినది కాదు, రవాణాకు సంబంధించినది. నరసరావుపేట లక్ష్మీకాంత టాకీసులో మొదటి ఆట వదిలేసరికి తొమ్మిదిన్నర అయ్యేది. రొంపిచెర్ల ఆఖరి బస్సు తొమ్మిదింపావుకే కదిలేది. అందువల్ల ఏ సినిమా అయినా సరే, ఆఖరి రీలు పడగానే రొంపిచెర్ల జనం లేచి వెళ్ళడం ఆచారమైంది. హాలువాళ్ళు ఆచారాన్ని గౌరవించి ఆ వేళకు పక్క తలుపులు బార్లా తీసి ఉంచేవారు. హాలు వెనక వీధిలోనే ఇళ్ళున్నవాళ్ళు కూడా, అంతమంది లేస్తుంటే తాము కూర్చోవడం మర్యాద కాదని లేచేవారు. ఆ విధంగా ఒక తరం మొత్తం, హత్య ఎవరు చేశారో తెలియకుండా, తప్పిపోయిన అన్నదమ్ములు కలిశారో లేదో తెలియకుండా, ఏ బెంగా లేకుండా సంసారాలు చేసుకుంది.

ఒక్క వీరరాఘవమ్మ తప్ప.

వీరరాఘవమ్మ రొంపిచెర్ల మల్లికార్జునరావు భార్య. పెళ్ళయిన కొత్తలో మొగుడితో కలిసి చూసిన మొదటి సినిమా అది. బస్సెక్కాక అడిగింది.

“ఏమండీ, నోరు తెరిచాడు గదా, ఏమని ఉంటాడు?”

“ఏదో ఒకటి అనుంటాడు. పెళ్ళి చేసుకుని ఉంటారు. ఇంకేం చేస్తారు? కాసేపు పడుకో, లేచేతలికి ఊరొస్తది” అన్నాడు మల్లికార్జునరావు.

ఆమె పడుకోలేదు. తర్వాత ఆయనకు ఉద్యోగంలో ఎక్కడికి బదిలీ అయినా, సామాను దించగానే పక్కింటివాళ్ళను ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే. మాచర్లలో అడిగితే ఆ రీలు తెగిపోయిందన్నారు. గురజాలలో అడిగితే ఆ వారమంతా కరెంటు లేదన్నారు. సొంతూళ్ళో అడిగితే ఎవరికి తోచిన ముగింపు వాళ్ళు చెప్పారు. రైతులు పెళ్ళయిందన్నారు. ప్లీడరు గుమాస్తా రాజీ అయిందన్నాడు. సైకిలు షాపు జాన్ సాహెబ్ భార్య పీరాంబీ మాత్రం, “రైలు కదిలిపోయిందంటక్కా, ఆ పిల్ల బతికిపోయింది” అని చెప్పింది. (పీరాంబీ సినిమా చూడలేదు. జాన్ సాహెబ్‌ను చూసింది.)

ఇలా ఉండగా వీడియోలొచ్చాయి. లక్ష్మీకాంత టాకీసులో బెంచీల కింద పిల్లులు ఈనడం మొదలైంది. యజమాని బసవపున్నయ్య పాత సినిమాలు తెచ్చి ఉదయం ఆటలు వేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించి, విజయవాడ నుంచి ‘గొడుగులు మారాయి’ పెట్టెలు తెప్పించాడు. కానీ ఈ కాలంవాళ్ళు చూస్తారా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానం వచ్చినవాడు ఊరికే ఉండకుండా మల్లికార్జునరావు దగ్గరకు వచ్చాడు.

మల్లికార్జునరావు అప్పటికి సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. సర్వీసులో ఉండగా సంఘం వెయ్యకుండా ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేదు. వేశాక కూడా తీసుకోలేదు.

“ఇది నువ్వూ నేనూ తేల్చేది కాదు బసవపున్నయ్యా. సంఘం వెయ్యాల” అన్నాడు.

పురాతన చిత్రముల కాలపరీక్షా సంఘం ఆ సాయంత్రమే ఏర్పడింది. నిబంధనలు ఆ రాత్రికి తయారయ్యాయి. సినిమా ఇదివరకు చూసి ఆనందించినవాళ్ళు పక్షపాతం కింద అనర్హులు. చూడనివాళ్ళు అజ్ఞానం కింద అనర్హులు. కనక చూసి, మర్చిపోయి, ఆ సంగతి ఒప్పుకోనివాళ్ళతో సంఘం నిండింది. మల్లికార్జునరావు అధ్యక్షుడు. జాన్ సాహెబ్ సభ్యుడు. రైల్వే బుకింగులో చేసి రిటైరైన ధనుంజయరావు సాంకేతిక సభ్యుడు. (కథలో రైలుంది.)

‘నేటి ప్రేక్షకుడు’ అంటే ఎవరన్నది తేల్చడానికి మరో రెండు సమావేశాలు పట్టాయి. వయసు ఇరవై ఐదు లోపు ఉండాలి, పెద్దలు మాట్లాడుతుంటే వేరే వైపు చూస్తూ ఉండాలి అని నిర్వచించారు. అధ్యక్షుడి తమ్ముడి కూతురు కుసుమ, బీకాం రెండో సంవత్సరం, రెండు అర్హతలూ ఉన్నట్టు తేలి నియమితురాలైంది.

వీరరాఘవమ్మ తననూ తీసుకెళ్ళమంది.

“నువ్వు దేని కింద వస్తావే? పక్షపాతమా, అజ్ఞానమా?” అన్నాడు మల్లికార్జునరావు.

“ఇడ్లీల కింద వస్తా” అందామె.

సభ్యులకు ఉదయం ఆటలో ఆకలేస్తుందన్న విషయం అప్పటివరకూ ఎవరికీ తట్టలేదు. ఆమెను ఉపాహార విభాగం కింద, ఓటు లేకుండా, అనుమతించారు.

ఒక శనివారం ఉదయం పరీక్ష జరిగింది. పాత ప్రేక్షకులు కూడా నమూనాగా కావాలని రొంపిచెర్ల నుంచి ఉచితంగా రమ్మన్నారు కాబట్టి హాలు నిండింది. (ఉచితం అనే మాట కాలపరీక్షకు నిలిచిందని అక్కడే రుజువైంది.)

సంఘం నవ్వుల్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి కట్టుదిట్టంగా ఉంది. హాస్యం వచ్చాక నవ్వితే కొత్త నవ్వు, చెల్లుతుంది. రాకముందే గుర్తొచ్చి నవ్వితే పాత నవ్వు, చెల్లదు. జాన్ సాహెబ్ మొదటి రీలు నుంచీ హాస్యం కంటే ముందే నవ్వుతూ పోయాడు.

“సాహెబ్, ఇంకా ఏం రాలేదు గదయ్యా. దేనికి నవ్వుతన్నావు?” అన్నాడు అధ్యక్షుడు చీకట్లో.

“రాబోతంది బావా. ఆ ముసలోడు గొళ్ళెం పెడతాడు చూడు.”

“పెట్టినాక నవ్వు.”

జాన్ సాహెబ్ నవ్వు ఆపుకున్నాడు. గొళ్ళెం పెట్టేసరికి ఎక్కిళ్ళు వచ్చాయి. అవి ఏ పద్దు కిందకు వస్తాయో నిబంధనల్లో లేదు.

నేటి ప్రేక్షకురాలు మొదట్లో కుదురుగానే కూర్చుంది. నాలుగో రీలు దగ్గర పెదనాన్న వైపు వంగింది.

“ఏంది పెదనాన్నా, గొడుగు మారితే మార్చేసుకోక ఇంత గోలేంది?”

“అప్పట్లో ప్రేమంటే అట్టా ఉండేదమ్మా.”

“ఓ ఉత్తరం ముక్క రాస్తే పోయేదిగా.”

“రాస్తే వాళ్ళ నాన్న చదవడూ?”

“మా నాన్నా చదువుతాడు. మేమేమన్నా గొడుగులు బాగుచేసే వేషాలేస్తన్నామా?”

ఈ ‘మేము’లో ఇంకొకరు ఎవరన్నది పెదనాన్న విచారించి ఉండాల్సింది. ఆయన ఆ సమయంలో ‘ఉత్తరాల వ్యవస్థపై నేటి యువతకు నమ్మకం కలదు’ అని రాసుకుంటున్నాడు.

ఇంటర్వెల్లో ఇడ్లీలు పంచారు. కుసుమ రెండు తిని, టైపు క్లాసుందని వెళ్ళిపోయింది. నేటి ప్రేక్షకులకు ఈ చిత్రం సగం వరకూ నిలుస్తుందని సంఘం నమోదు చేసుకుంది. మిగతా సగాన్ని పాతవాళ్ళే చూడాల్సి వచ్చింది.

చూశారు. బాగానే చూశారు. విమల తండ్రి చలపతి గెడ్డం పీకి, అది పెట్టుడు గెడ్డమని తెలిసి, ఆ గెడ్డం అద్దె ఎంతని అడిగే చోట హాలంతా నవ్వింది. అధ్యక్షుడు కూడా నవ్వి, వెంటనే దగ్గాడు. వీరరాఘవమ్మ నవ్వలేదు. కుర్చీ అంచున కూర్చుని ఉంది. తెర మీద విమల పెట్టె సర్దుకుంటోంది. వీరరాఘవమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

విమల స్టేషనుకు వచ్చింది. రైలు గంట కొట్టారు.

హాలంతా లేచింది.

ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. వందలమంది కాళ్ళు బెంచీల కింద చెప్పులు వెతుక్కున్నాయి. తువ్వాళ్ళు భుజాల మీదకు ఎక్కాయి. పక్క తలుపులు బార్లా తెరుచుకున్నాయి, బయట మిట్టమధ్యాహ్నపు ఎండ ధగధగలాడింది. తెర మీద చలపతి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. హాల్లో జనం అతనికి ఎదురుగా పరిగెత్తుకుంటూ పోతున్నారు.

“లెయ్యే, బస్సు” అన్నాడు మల్లికార్జునరావు భార్య చెయ్యి పట్టుకుని.

“మీరు పదండి. నేను వస్తా.”

కాపురానికి వచ్చింది మొదలు ఆమె ఈ మాట అనగా ఆయన వినలేదు. కాబట్టి ఇంకేదో అని ఉంటుందనుకున్నాడు. గిన్నెలు సర్దుకుంటుంది కాబోలనుకుని వెళ్ళిపోయాడు.

బస్టాండులో రొంపిచెర్ల బస్సు ఆగి ఉంది. జనం తోసుకుని ఎక్కారు. అధ్యక్షుడికి గౌరవంగా ముందు సీటు దొరికింది. కండక్టరు ఆరోగ్యస్వామి టీ తాగుతూ కిందనుంచి చూశాడు.

“ఏంది, ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చారు? యాడన్నా తగలబడిందా?”

“సినిమాకొచ్చాం” అన్నాడు జాన్ సాహెబ్ ఆయాసపడుతూ.

“అయిపోయిందా?”

జాన్ సాహెబ్ జవాబు చెప్పబోయి ముందు సీటు వైపు తిరిగాడు.

“బావా, టైమెంత?” అన్నాడు జాన్ సాహెబ్.

“పన్నెండున్నర.”

“పగలా, రాత్రా?”

మల్లికార్జునరావు కిటికీలోంచి ఎండను చూసి, సాక్ష్యం సరిపోతుందని తేల్చుకుని, “పగలే” అన్నాడు.

“ఇప్పుడు అరగంటకో బస్సుంది గదా. మరి మనమెందుకు లేచినట్టు?”

“తలుపులు తీశారు గదయ్యా.”

వెనక సీట్లోంచి బసవపున్నయ్య గొంతు వినిపించింది. (ఆయనది నరసరావుపేటే. ఇల్లు హాలు పక్కనే. ఆయన కూడా ఎక్కాడు.)

“మీరు లేస్తారని తీశా.”

“మీరు తీశారని మేం లేచాం” అన్నాడు మల్లికార్జునరావు.

ఆఫీసుల్లో దీన్నే పరస్పర సంప్రదింపులంటారు. దేశంలో చాలా పనులు ఇలాగే జరుగుతాయి కాబట్టి ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు.

“చెల్లెమ్మ ఏది?” అన్నాడు జాన్ సాహెబ్.

మల్లికార్జునరావు పక్క సీటు చూశాడు. అందులో ఎవరో రైతు కూర్చుని ఉన్నాడు.

సంఘం దిగి హాలుకు తిరిగి వచ్చేసరికి సినిమా అయిపోయింది. వీరరాఘవమ్మ మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఎండ వల్లనని సంఘం భావించింది.

“చూశావా?” అన్నాడు మల్లికార్జునరావు.

“చూశా.”

“మొత్తం?”

“మొత్తం.”

ముగ్గురు సభ్యులూ ముఖాలు చూసుకున్నారు. పల్నాడు ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన సమాచారం ఉపాహార విభాగం చేతిలో ఉంది. బసవపున్నయ్య గదిలో అత్యవసర సమావేశం పెట్టారు. సాక్షి సభ్యురాలు కాదు గనక ఆమె చెప్పేది అభిప్రాయంగా కాకుండా సమాచారంగా తీసుకోవాలని ముందే తీర్మానించారు. కూర్చోవడానికి స్టూలు వేశారు.

“నోరు తెరిచాడు గదా” అన్నాడు అధ్యక్షుడు. “ఏమన్నాడు?”

“‘ఇన్నాళ్ళూ నేనే వాగాను. నువ్వు చెప్పు విమలా, వింటా’ అన్నాడు.”

“అంతేనా?”

“అంతే.”

“తర్వాత?”

“తర్వాత ఆ పిల్ల చెప్పింది.”

“ఎంతసేపు?”

“రీలంతా.”

“మరి ఆయనేం చేశాడు?”

“విన్నాడు.”

జాన్ సాహెబ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“ఊరికే నిలబడా, చెల్లెమ్మా?”

“నిలబడే అన్నా.”

“మధ్యలో అందుకోలేదూ? ‘అది కాదు, నేను చెప్పేది విను’ అని గూడా?”

“అనలేదు.”

“ఊఁ కొట్టాడా?”

“తల ఊపాడు.”

“మొగోడేనా?” అన్నాడు జాన్ సాహెబ్ అధ్యక్షుడి వైపు తిరిగి.

“ఆ పిల్ల ఏమందంటే…” అని వీరరాఘవమ్మ మొదలుపెట్టింది.

“ఉండు. సాక్షి అడిగినదానికే జవాబు చెప్పాల” అన్నాడు మల్లికార్జునరావు. “ధనుంజయరావుగారూ, మీరు కానివ్వండి.”

సాంకేతిక సభ్యుడు గొంతు సవరించుకున్నాడు.

“రైలు ఏమైందమ్మా?”

“పోయింది.”

“ఆ అమ్మాయి టిక్కెట్టు?”

“చేతిలోనే ఉంది.”

“రద్దు చేయించుకున్నారా?”

“అది చూపించలేదు.”

“అదీ” అన్నాడు ధనుంజయరావు సంతృప్తిగా. “నేననుకుంటానే ఉన్నా. రైలు కదలకముందే రావాల. తర్వాతొస్తే ఎట్టా?”

“గొడుగులు?” అన్నాడు బసవపున్నయ్య.

“కింద పడేశాడు.”

“రెండూనా? విరిగినయ్యా?”

“చూళ్ళేదు. నేను ఆ పిల్ల మొహం చూస్తన్నా. అక్కడ ఆ పిల్ల…”

“పెళ్ళెప్పుడు చూపించారు?” అన్నాడు మల్లికార్జునరావు.

“చూపించలేదండీ.”

మల్లికార్జునరావు రాస్తున్న కలం కింద పెట్టాడు.

“పెళ్ళి చూపించలేదా? అసలేం చూపించకుండా వదిలేశారా?”

“ఆ పిల్ల చెప్పేదంతా చెప్పింది. ఆయన ‘సరే’ అన్నాడు. ఇద్దరూ బయటికి నడిచారు. వాన పడతా ఉంది. శుభం పడింది.”

“మరి పెళ్ళయిందని ఇన్నాళ్ళూ నేను చెప్పింది?”

“అది మీరు చెప్పింది.”

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సాక్షిని ఇక వెళ్ళి గిన్నెలు చూసుకోవచ్చన్నాడు. ఆమె లేవలేదు. వాళ్ళు ఇంకో ప్రశ్న అడుగుతారన్నట్టు స్టూలు మీదే కూర్చుని ఒక్కొక్కరి ముఖమే చూసింది. జాన్ సాహెబ్ నోరు తెరిచాడు. చలపతి వేసుకున్న బూట్లు ఏ రంగువని అడిగాడు. నలుపు తెలుపు సినిమా గనక చెప్పలేకపోయింది.

సంఘం ఏకగ్రీవంగా తీర్పు రాసింది. ‘గొడుగులు మారాయి’ చిత్రంలో ఆఖరి రీలు మినహా మిగతాదంతా నేటి ప్రేక్షకులకు పూర్తిగా నిలుస్తుంది. ఆడపిల్లల తండ్రులు నేటికీ అనుమానిస్తున్నారు, మారిన గొడుగులు నేటికీ తిరిగి రావడం లేదు, మనసులో ఉన్నది చెప్పుకోకుండానే జనం నేటికీ కాలం వెళ్ళబుచ్చుతున్నారు. ఆఖరి రీలు మాత్రం నిలవదు. మగవాడు అంతసేపు మాట్లాడకుండా వినడమన్నది 1959లో జరగలేదు, 1987లో జరగడం లేదు, ఇకముందు జరుగుతుందనడానికి ఆధారాలేవీ సంఘం దృష్టికి రాలేదు. కాబట్టి ఆ రీలు తీసేసి ఉదయం ఆటలు వేసుకోవచ్చు. ఎలాగూ దానికి ప్రజలెవరూ కూర్చోవడం లేదు.

“నేను కూర్చున్నాగా” అంది వీరరాఘవమ్మ.

“నువ్వొక్కదానివేనే. ఒక్కళ్ళు ప్రజలెట్టా అవుతారు?” అన్నాడు మల్లికార్జునరావు. కోపంగా కాదు. ఎరగనివాళ్ళకు రూలు చెప్పే గొంతుతో.

బసవపున్నయ్యకు తీర్పు నచ్చింది. రీలు తక్కువైతే కరెంటూ తక్కువే. ఆ రీలును విడిగా డబ్బాలో పెట్టి, విజయవాడ పంపేటప్పుడు కలిపి పంపొచ్చని తన బీరువా మీద పెట్టించాడు. ఆఖరి రీలుకు సంబంధించి అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగి, అందిన జవాబులన్నీ పరిశీలించామని నివేదిక కింద ముగ్గురూ సంతకాలు చేశారు. విమల ఆ రీలంతా ఏం మాట్లాడిందన్నది మాత్రం నివేదికలో లేదు. అది ఎవరూ అడగలేదు.

ఒంటిగంటన్నర బస్సుకు భార్యాభర్తలు రొంపిచెర్ల బయల్దేరారు. సీట్లు ఖాళీగా ఉన్నాయి. వీరరాఘవమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మిరపతోటలు, పొగాకు ఆరబెట్టే బార్నులు వెనక్కి పోతున్నాయి. ఆమె వాటిని చూడడం లేదు. తలుచుకుంటే మొదటి మాట నుంచి ఆఖరి మాట వరకూ అప్పజెప్పగలదు. ఒక్క మాట అడిగితే చాలు, మిగతాది తను చెప్పుకుంటుంది. బస్సు ఊరి మలుపు తిరిగేసరికి మల్లికార్జునరావుకు ఏదో గుర్తొచ్చినట్టయింది. ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. ఆమె కూడా తిరిగింది.

“ఏమే,” అన్నాడు, “తాళంచెవి నీ దగ్గరే ఉందిగా?”